దిద్దవద్దన్న గొంతు

ఎం.ఏ. ఇంగ్లీషు చదివినవాళ్లు ఏమవుతారో రాయమని మా డిపార్ట్‌మెంట్ పిల్లలు అడిగారు. ప్రత్యేక సంచిక వేస్తున్నారట. ఏమవుతారమ్మా, అన్నీ అవుతారు. మా బ్యాచ్‌లో విషాద నాటకం పాఠం జరుగుతుంటే వెక్కి వెక్కి ఏడ్చిన అబ్బాయి ఎస్సై అయ్యాడు. ఒకడు బ్యాంకులో చేరి బతుకంతా పంట రుణాల దరఖాస్తులు చదివాడు. ఒకమ్మాయి విమానాల్లో పనిచేసేవాళ్లకు నవ్వడం నేర్పింది, నిజంగానే, జీతానికి. ఇంకొకామె జనరల్ బజార్లో మామగారి చీరల కొట్లో కూర్చుని, నీలం చీర చూపించి "ఇది తుఫానుకు ముందు సముద్రం అండీ" అని అమ్మేసేది. లెక్చరర్లయినవాళ్లు ఇద్దరే. నేను లెక్చరర్నవుతానని మా నాన్నగారు శ్రీకాకుళంలో వీధి వీధంతా చెప్పుకున్నారు. నేను సికింద్రాబాద్ వచ్చి డాక్టర్ల మాటలు టైపు చేశాను.

ఆ పనిని మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. ఇప్పుడు యంత్రాలు చేస్తున్నాయి కాబట్టి మీలో చాలామందికి తెలియకపోవచ్చు. అమెరికాలో డాక్టరు రోగిని చూశాక, ఆ రోగి సంగతంతా ఫోన్లో చెబుతాడు. ఆ గొంతు రికార్డయి ఇక్కడికొస్తుంది. మేము చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలికింద పెడల్ నొక్కుతూ వదులుతూ, విన్నది విన్నట్టు టైపు చేసి పంపాలి. వాళ్లు పగలంతా చెప్పినవి మనకు తెల్లారేసరికి వరసలో వచ్చి కూర్చునేవి.

మా ఆఫీసు బన్సీలాల్‌పేట్ దగ్గర ఒక పాత మేడలో మూడో అంతస్తు. కింద బేకరీ. పొద్దున్నే ఉస్మానియా బిస్కట్ల వాసన మాకంటే ముందే మెట్లెక్కేది. రెండో మలుపులో ఒక మెట్టు సగం విరిగి ఉండేది. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ దానిమీద ఒకసారి పడాలి, అప్పుడే మాలో కలిసినట్టు. నేను మొదటిరోజే పడ్డాను, చేతిలో టిఫిన్ డబ్బాతో సహా.

చేరిన రోజే ఒక నియమం చెప్పారు. మాట వినపడకపోతే ఖాళీ గీత వదలాలి. ఊహించి నింపకూడదు. డాక్టరు చెప్పనిది ఒక్క ముక్క రాయకూడదు. వినడానికి ఇంత సులువైన నియమం ఇంకోటి లేదు. కానీ రెండేళ్లపాటు మాకు నేర్పిందేమిటి? చెప్పనిది చదవమని కదా! రెండు పంక్తుల మధ్య ఏముందో చెబితేనే కదా మార్కులు! నా పక్క సీటులో నా క్లాస్‌మేటే ఉండేది, బన్సీలాల్‌పేట్ పిల్ల, ఇద్దరం ఒకే రోజు చేరాం. అది అప్పుడే అంది: "చూడవే, గా బీఎస్సీ పోరగాళ్లతోని ఏం కాదు. వాళ్లు సమజ్ గాకపోతే ఖాళీ వదిలేస్తరు. పరేషానంతా మనతోనే."

నేను నవ్వేశాను. నాకు ఖాళీలు వదలడం నామోషీ. ఏడాదంతా ఒక్క ఖాళీ గీత వదలనందుకు ఆఫీసువాళ్లు నాకు గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. బహుమతంటే మనవాళ్లకు గోడ గడియారమే కదా. ఆ గడియారం సంగతి మళ్లీ వస్తుంది.

మేము చూడని ఆ డాక్టర్లకు మేమే పేర్లు పెట్టుకునేవాళ్లం. ఒకాయన పరుగు డాక్టరు, ఊపిరి తీసుకోడు. ఒకావిడ నములుడు డాక్టరమ్మ. మా అందరికీ ఇష్టమైనవాడు మాత్రం గడియారం తాత. ఆయన మాట్లాడుతుంటే వెనక పెద్ద గడియారం టిక్కు టిక్కుమంటుండేది, గంట గంటకూ గంభీరంగా కొట్టేది. చిన్న ఊళ్లో ముసలి డాక్టరు. ఆయన ఇంగ్లీషు వింటుంటే మళ్లీ క్లాసులో ముందు బెంచీలో కూర్చున్నట్టుండేది. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉండేది: "ఈమె మోకాలి నొప్పి చెప్పడానికి వచ్చి, కుక్క చనిపోయిన సంగతి చెప్పింది. మోకాలికి మందు రాశాను." ప్రతి రికార్డింగు చివర ఆగి, ఒక దగ్గు దగ్గి, "ఇది రాసేవారు ఎవరో గాని, మీకు నా కృతజ్ఞతలు" అనేవాడు. పొద్దస్తమానం చెవుల్లో మోగే గొంతుల్లో మమ్మల్ని మనుషులుగా గుర్తించినవాడు ఆయనొక్కడే. ఆయన ఫైళ్లు నాకే ఇమ్మని మేనేజర్ దగ్గర దెబ్బలాడి మరీ తీసుకున్నాను.

ఆయన రోగుల్లో పిట్టల ముసలమ్మ ఒకావిడ ఉండేది. ఒంటరి మనిషి, ఒకప్పుడు బట్టలు కుట్టేదట. ఇంట్లో పంజరం నిండా పసుపు పిట్టలు. గుండె బలహీనం. నెలనెలా వచ్చేది. డాక్టరు ముందు పిట్టల క్షేమం చెప్పి, తర్వాత గుండె సంగతి చెప్పేవాడు. ఏ సముద్రాల అవతలో ఉన్న ఆవిడ పిట్టలు గుడ్లు పెడితే మేమిక్కడ బిస్కట్లు తెప్పించుకుని తిన్నాం. అంత పిచ్చి మాది.

మొదట ఆయన ఒకే వాక్యం రెండుసార్లు చెప్పాడు. ఒకటి తీసేశాను. పెద్దవాళ్లు, చెప్పిందే చెబుతారు, దానికేముంది. తర్వాత ఒక వాక్యం మొదలుపెట్టి సగంలో వదిలేశాడు. నేను పూర్తి చేశాను. ఎలా పూర్తి చేయాలో నాకు తెలుసు, నాలుగేళ్లుగా ఆయన వాక్యాలే కదా తింటున్నాను, తాగుతున్నాను. ఒకరోజు ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పేశాడు. పాత రిపోర్టులు తీసి చూసి ఎవరిది వారికి సర్దాను. అది తప్పని అనిపించలేదు. ఇంకా సేవ చేస్తున్నట్టే అనిపించింది. గురువుగారి పంచె జారుతుంటే శిష్యుడు పట్టుకోడా?

ఒకరోజు మందు పేరు చెప్పి ఆగిపోయాడు. ఎన్ని మిల్లీగ్రాములో చెప్పలేదు. గడియారం కొట్టుకుంటూనే ఉంది. ఆయన ఊపిరి వినపడుతోంది. నిమిషం గడిచింది, రెండు నిమిషాలు గడిచాయి. తర్వాత ఏమీ జరగనట్టు "ఎవరో గాని, మీకు నా కృతజ్ఞతలు" అని పెట్టేశాడు. నేను కిందటి నెల రిపోర్టు తీసి, అందులో ఉన్న అంకె వేశాను.

నా స్నేహితురాలు పక్కనుంచి చూసింది. "ఏం జేస్తున్నవే?"

"కిందటి నెల్లో ఇదే ఉందే. అదే మందు, అదే మనిషి."

"ఆయన చెప్పిండా?"

"చెప్పలేదు. మర్చిపోయుంటాడు. అయితే ఏటి?"

"మరి మర్శిపోయిండని అక్కడోళ్లకు తెల్వాలె గద! నువ్వు గిట్ల నింపుకుంట పోతే ఎట్ల తెలుస్తది? జెర సోంచాయించు."

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పినవాళ్ల మీద వచ్చే కోపం మామూలు కోపం కాదు. వారం రోజులు దానితో టీ తాగలేదు.

ఆ తర్వాతే పిట్టల ముసలమ్మ ఫైళ్లు వచ్చాయి. ఒకే వారంలో మూడు. మొదటిది టైపు చేశాను: గుండె కొట్టుకోవడం లయ తప్పింది, రక్తం పలచబరిచే మాత్ర ఈరోజు కొత్తగా మొదలుపెడుతున్నాను, ఫోన్ చేసి మందుల షాపుకు చెప్పాను. రెండురోజుల తర్వాత రెండోది వచ్చింది. విన్నాను. అవే మాటలు, అదే వరస. "పసుపు పిట్ట ఒకటి పాడటం మానేసిందట" అని అదేచోట నిట్టూర్పు, అదేచోట దగ్గు. రికార్డింగు పొరపాటున మళ్లీ వచ్చిందనుకున్నాను. అలా అప్పుడప్పుడు వచ్చేవి. "డూప్లికేట్" అని గుర్తు పెట్టి చెరిపేశాను. మూడోది వచ్చింది. అదీ చెరిపేశాను. అలా చెరిపేసిన ఫైలు మా దగ్గర నెల రోజులుంటుంది గాని, అవతలివాళ్ల వరసలో ఇక కనపడదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాక, మా కింద బేకరీ గడియారం కొట్టింది. చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. లేచి వెళ్లి ఆ మూడు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి విన్నాను. మొదటిదానిలో తాత గడియారం తొమ్మిది కొట్టింది. రెండోదానిలో పదకొండు. మూడోదానిలో నాలుగు.

అవి ఒకే రికార్డింగు కాదు. ఆయన ఆ మాటలు మూడుసార్లు, మూడు వేర్వేరు గంటల్లో, ఒక్క అక్షరం తేడా లేకుండా చెప్పాడు. ప్రతిసారీ ఆ మాత్ర కొత్తగా మొదలుపెట్టాడు.

అయినా ఎవరికీ చెప్పలేదు. ఇది మీరు రాసుకోండి. శనివారం, ఆదివారం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయన సంతకం పెట్టేముందు చదువుకుంటాడు కదా, అక్కడ నర్సులుంటారు కదా, నేనెవర్ని. అసలు భయం వేరే ఉంది. చెబితే, ఇన్నాళ్లూ నేను నింపినవన్నీ బయటపడతాయి.

సోమవారం పొద్దున వరసలో మొదటి ఫైలు ఆయనదే. రోగి నంబరు లేదు, పేరు లేదు. పెడల్ నొక్కాను.

"రోగి డెబ్బై దాటిన పురుషుడు," అన్నాడు. "ఒంటరిగా వచ్చాడు. ఎవరు పంపారో చెప్పలేకపోతున్నాడు. శుభ్రంగా ఉన్నాడు. నా కోటు లాంటి కోటే వేసుకున్నాడు. ఈరోజు ఏ వారమని అడిగాను. అతనూ నన్ను అదే అడుగుతున్నాడు." గడియారం కొట్టుకుంటోంది. "నేను చెయ్యి ఎత్తాను. అతనూ ఎత్తాడు. మర్యాదస్తుడిలాగే ఉన్నాడు గాని, నా గదిలోంచి వెళ్లడం లేదు."

గోడకు అద్దం ఉండి ఉంటుంది. ఆయన అందులో కనపడుతున్న తన గురించే రిపోర్టు చెబుతున్నాడు. పెడల్ మీంచి కాలు తీసి ఆపుదామనుకున్నాను, ఆపలేకపోయాను.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత గొంతు మారింది. పాత గొంతే, మా తాత గొంతే, పక్కనే కూర్చున్నంత స్పష్టంగా వచ్చింది. "ఇది రాసేవారు ఎవరో గాని, వినండి. నా పేరు మీద వస్తున్న కాగితాలు నిన్న చదివాను. చాలా బాగున్నాయి. నేనలా చెప్పలేదు. ఇప్పుడు నేనలా చెప్పలేను. ఇక్కడివాళ్లు ఆ కాగితాలు చూసి, డాక్టరు బాగానే ఉన్నాడంటున్నారు. నాకు బాగాలేదని నేను చెబితే ఆ కాగితాలే చూపిస్తున్నారు. దయచేసి నన్ను దిద్దకండి. నేనెలా చెబితే అలాగే రాయండి. ఎవరో ఒకరు చూడాలి కదా."

గంట కొట్టింది. ఎన్ని కొట్టిందో లెక్కపెట్టలేదు.

నా స్నేహితురాలి భుజం మీద చెయ్యి వేశాను. హెడ్‌ఫోన్లు తీసి దాని చెవులకు పెట్టాను. అది చివరిదాకా విని, తీసి, బల్లమీద మెల్లగా పెట్టింది. "నాకు భయమైతుందే," అంది. "మనల్ని సూస్తున్నట్టే మాట్లాడుతుండు."

మేనేజర్ మాకంటే చిన్నవాడు, చెడ్డవాడు కాదు. విషయం చెబితే నుదురు రుద్దుకున్నాడు. "మేడమ్, పేషెంట్ నంబర్ లేదు కదా. రూల్ ప్రకారం అది రిపోర్టే కాదు. డిలీట్ కొట్టేయండి. మనం షురూ చేస్తే వాళ్లు పాతవన్నీ ఆడిట్ చేస్తరు. ఆ క్లినిక్ అకౌంట్ పోతది. మీ సీట్ల రో మొత్తం పోతది."

"ఆ ముసలావిడకి మూడుసార్లు మందిచ్చాడు బాబూ. రెండు నేనే చెరిపేశాను," అన్నాను. "ఆవిడ చెప్పినట్టు వినే మనిషి. మూడూ మింగేస్తాది."

"మీకెట్ల తెలుసు మేడమ్, ఆమె మింగుతదని?"

ఎలా తెలుసంటే ఏం చెప్పను? నాలుగేళ్లుగా ఆవిణ్ని చదువుతున్నాను కాబట్టి తెలుసు. నా చదువు నాకు పనికొచ్చింది ఆ ఒక్క క్షణమే.

సీటుకొచ్చి కూర్చున్నాను. ఆయన చెప్పింది చెప్పినట్టే టైపు చేశాను. తడబాట్లు తడబాట్లుగా, ఆగినచోట ఆగినట్టుగా. చెరిపేసిన రెండు ఫైళ్లూ వెనక్కి తెచ్చి, వాటినీ అలాగే టైపు చేసి, ఏ ఫైలులో గడియారం ఎన్ని కొట్టిందో పైన రాశాను. కింద నేను ఏయే నెలల్లో ఏమేం నింపానో గుర్తున్నంత వరకు రాశాను. మేనేజర్ వెనకే నిలబడి చూశాడు. ఆపలేదు. పంపించేశాక "మంచిగ చేసిన్రో చెడగొట్టిన్రో నాకు సమజ్ అయితలేదు మేడమ్," అన్నాడు. నాకూ తెలియలేదు.

మా ఆఫీసు గురించి మీకు చెప్పలేదు కదూ. బన్సీలాల్‌పేట్ దగ్గర ఒక పాత మేడలో మూడో అంతస్తు. కింద బేకరీ. పొద్దున్నే ఉస్మానియా బిస్కట్ల వాసన మాకంటే ముందే మెట్లెక్కేది. రెండో మలుపులో ఒక మెట్టు సగం విరిగి ఉండేది. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ దానిమీద ఒకసారి పడాలి, అప్పుడే మాలో కలిసినట్టు. నేను మొదటిరోజే పడ్డాను, చేతిలో టిఫిన్ డబ్బాతో సహా.

గురువారం ఆ క్లినిక్కు నుంచి కొత్త గొంతు వచ్చింది. ఎవరో యువ డాక్టరమ్మ. వెనక గడియారం లేదు. పిట్టల ముసలమ్మను ఆదివారం ఆసుపత్రిలో చేర్చారట. చిగుళ్లలోంచి రక్తం, ఒళ్లంతా నల్లటి మచ్చలు. ఇంట్లో ఒకే మందు సీసాలు మూడు దొరికాయట, మూడింటిలోంచీ వేసుకుంటోందట, డాక్టరుగారు చెప్పారు కదా అని. సోమవారం మేము పంపిన కాగితాలు చూశాకే ఏమైందో వాళ్లకు అర్థమై, విరుగుడు ఇచ్చారట. పిట్టలను పక్కింటివాళ్లు చూసుకుంటున్నారట.

ఆవిడ బతికింది. ఆ తర్వాత రెండు నెలలూ ఆవిడ రిపోర్టులు వచ్చాయి. వాటిలో పిట్టల ఊసు లేదు, గుండె సంగతి మాత్రమే ఉండేది. కానీ ఆ రెండు ఫైళ్లూ నేను చెరపకుండా ఉంటే, శుక్రవారమే నోరు విప్పి ఉంటే, ఆవిడకు ఆ రక్తం పోయేది కాదు. నా తప్పులన్నీ చూపిస్తూ మేనేజర్ ఇచ్చిన మెమోలో ఈ ముక్క లేదు. నేనే కలుపుకున్నాను. కలుపుకోవడం నాకు అలవాటే కదా.

తాత గొంతు మళ్లీ రాలేదు. అంటే, ఒక్కసారి వచ్చింది. రెండునెలల తర్వాత, మా సీట్ల వరస ఎత్తేసే ముందు వారం. ఎవరి ఫోన్లోంచి చేశాడో, ఎలా చేశాడో తెలియదు. పాత ఫోను అలవాటు చేతికి ఉండిపోయి ఉంటుంది. నేనూ నా స్నేహితురాలూ హెడ్‌ఫోన్లు చెరొక చెవికి పెట్టుకుని విన్నాం. గడియారం ఉంది. అదే గడియారం. తొమ్మిది నిమిషాలు గడియారమే. చివర ఆ దగ్గు. తర్వాత, "ఎవరో గాని..." అంతే. మిగిలిన మాట కోసం వెతుక్కుంటున్నట్టు ఊపిరి వినిపించింది. దొరకలేదు.

నా వేళ్లు ఆ మిగతా మాట మీదికి వెళ్లాయి. నాకు తెలియనిదా అది? నా స్నేహితురాలు నా మణికట్టు పట్టుకుంది. ఖాళీ గీత వదిలాను. ఆ ఉద్యోగంలో నేను వదిలిన మొదటి ఖాళీ అదే.

ఆ తర్వాత ఎవరి దారి వారిది. నా స్నేహితురాలు స్కూలు పుస్తకాలు దిద్దే పనిలో చేరి అక్కడే పెద్దదయింది. నేను ఇంకో కంపెనీలో ఇరవై చిల్లర ఏళ్లు పనిచేసి, రిటైరై యాప్రాల్లో ఉంటున్నాను. బహుమతిగా ఇచ్చిన గోడ గడియారం ఇప్పటికీ డబ్బాలోనే ఉంది. మా ఇంట్లో గోడ మీద గడియారం పెట్టనివ్వను.

ఈ సంచికకు వచ్చినవన్నీ దిద్దే పని నా స్నేహితురాలికే అప్పగించారు. నేను పంపిన మర్నాడే ఫోన్ చేసింది. చాలాసేపు పిల్లల గురించి, ఎండల గురించి మాట్లాడింది. నాకు అనుమానం వచ్చింది. ఇది ఇంత మర్యాదగా ఎప్పుడూ మాట్లాడదు.

"ఏటే, ఏటైంది?" అన్నాను.

"ఏం లేదే. గా ఆఫీసు మెట్ల ముచ్చట ఉంది గద, అది రెండుసార్లు వచ్చింది. ఒక్క అక్షరం సుత మారలే. రెండోది తీసేస్తున్న. కాపీ అయినట్టుంది."

నేను కాపీ చేయలేదు. నాకు కంప్యూటర్లో రాయడం విసుగు, ఇదంతా తెల్ల కాగితాల మీద చేత్తోనే రాసి ఫొటోలు తీసి పంపితే పిల్లలు టైపు చేశారు. నా కాగితాలు తీసి చూశాను, రెండుచోట్లా నా రాతే. మొదటిసారి రాసినట్టు గుర్తుంది. రెండోసారి రాసినట్టు గుర్తు లేదు.

ఆ మాట చెప్పాను.

"అరే, గీ వయసుల అందరికీ అయితదే," అంది. "తీసేస్త. ఎవ్వరికీ తెల్వదు. మంచిగ కనిపిస్తది."

"తియ్యకే," అన్నాను. "డాక్టరు దగ్గరికి రేపు నువ్వూ రా నాతో. అది మాత్రం తియ్యకు."

ఏడ్చింది. నేను ఏడవలేదు. ఏడుపు కాదు గాని, ఇల్లంతా ఒక్కసారి మరీ నిశ్శబ్దంగా ఉన్నట్టనిపించింది. లేచి వెళ్లి ఆ గడియారం డబ్బాలోనే ఉందా అని చూసొచ్చాను. డబ్బాలోనే ఉంది. ఆ తర్వాత ఈ చివరి పేజీలన్నీ కూర్చుని రాసి, దానికి పంపాను.

పిల్లలూ, ఆ విరిగిన మెట్టు మీంచి మిమ్మల్ని రెండుసార్లు ఎక్కించానని విసుక్కోకండి. అచ్చుతప్పు కాదు. దిద్దవద్దని నేనే చెప్పాను. ఒక మాట, నాకు గుర్తుండగానే పూర్తిగా చెప్పేస్తాను. ఇది చదివినవారు ఎవరో గాని, మీకు నా కృతజ్ఞతలు.